ముఖం తర్వాత గీయండి, ముందు మా అమ్మను కూర్చోబెట్టండి

కార్ల కంపెనీల్లో డిజైన్ విభాగాలు నడుపుతున్న పెద్దలకు,

నమస్కారం.

మాది రాజమండ్రి. నేను హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. కార్ల తయారీ గురించి చదువుకున్నవాణ్ని కాదు. మా నాన్న 22 ఏళ్లు డీజిల్ అంబాసిడర్‌ను టాక్సీగా తిప్పాడు. పెళ్లివాళ్లను కోనసీమ ఊళ్లకు, వ్రతాలవాళ్లను అన్నవరానికి, నెలలు నిండిన ఆడవాళ్లను కాకినాడ పెద్దాసుపత్రికి చేర్చిన బండి అది. దాని వెనక సీట్లో నిద్రపోతూ పెరిగాను కాబట్టి మీకో ఉత్తరం రాసే హక్కు నాకు కొంచెం ఉందనుకుంటున్నాను.

ఈమధ్య మీరంతా పాత పేర్లకు దుమ్ము దులిపి బయటికి తీస్తున్నారు. 1991లో వచ్చిన టాటా సియెరా 2025 నవంబరులో మళ్లీ విడుదలైంది. మహీంద్రా థార్ 2020లో కొత్త ఒళ్లు తొడుక్కుంది. అంబాసిడర్ పేరును 2017లో ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. ఆ పేరుతో బండి మాత్రం రాలేదు. వస్తోందట, వచ్చేస్తోందట అంటూ ఏటా ఎవరో ఒకరు బొమ్మ గీసి వాట్సాప్‌లో వదులుతూనే ఉంటారు. అలా బొమ్మలు గీసే పిచ్చివాళ్లలో మేమూ ఉన్నాం.

మేం ఏడుగురం. ఆదివారం పొద్దున్నే నెక్లెస్ రోడ్డులో టీ తాగుతూ కార్ల గురించి కొట్లాడుకునే గుంపు. కొన్నేళ్ల కిందట ఒక ఆట మొదలుపెట్టాం. తయారీ ఆగిపోయిన కారు ఒకటి ఎంచుకోవాలి. అది ఇవాళ మళ్లీ పుడితే ఎలా ఉండాలో గీసి తేవాలి. మిగతా ఆరుగురూ దాన్ని చీల్చి చెండాడాలి. కాలక్షేపానికి మొదలైన ఆట మెల్లగా ముదిరిపోయింది. ఇప్పుడు మా దగ్గర రెండు లావుపాటి డ్రాయింగు పుస్తకాలున్నాయి.

మీ బొమ్మలేవో మీరే బండి మీద చేసుకోవచ్చుగా, మాకెందుకు చెప్పడం అని మీరు అనవచ్చు. చేసుకోలేం. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన కొలతలకు, లక్షణాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. రంగు మార్చి ఆర్సీలో రాయించుకోవచ్చు, ఆమోదం ఉన్న సీఎన్జీ కిట్టో కరెంటు కిట్టో పెట్టించుకోవచ్చు. అంతకుమించి షెడ్డులో రేకు కోయకూడదు. ఆ తీర్పుతో మాకు పేచీ లేదు. ఎవడి బుద్ధికి తోచినట్టు వాడు చాసిస్ కోసేస్తే రోడ్డు మీద నడిచేవాళ్ల గతి ఏంకాను? కాకపోతే దాని ఫలితం ఏమిటంటే, పాత కారును కొత్తగా ఊహించే పని ఎవరైనా చేయొచ్చు, నిజం చేసే పని మాత్రం మీ చేతిలోనే ఉంది. అందుకని మీకే రాస్తున్నాను.

ముందు మా తప్పు ఒప్పుకుంటాను. మొదటి ఆర్నెల్లు మేం గీసినవన్నీ ముఖాలే. అంబాసిడర్ అనగానే గుండ్రటి లైట్లు, నవ్వుతున్నట్టుండే ముందు జాలీ, పైకి ఉబ్బిన బానెట్. దాని కింద 19 అంగుళాల అల్లాయ్ చక్రాలు, సన్నటి నల్లద్దాలు, నేలకు ఆనుకున్నంత కిందికి దించిన ఒళ్లు. 2008 ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో డీసీ డిజైన్ వాళ్లు అంబాసిడర్‌ను ఇలాగే చదును చేసి ఆంబియరాడ్ అని పెట్టారు. మేం చేసిందీ దాదాపు అదే. చూడ్డానికి భలే ఉంది. ఫోన్లో వాల్‌పేపర్‌గా కూడా పెట్టుకున్నాం.

మా గుంపులో ఒక ఫిజియోథెరపిస్టు ఉంది. ఆవిడ ఒక ఆదివారం పుస్తకం మొత్తం తిరగేసి మూసేసింది. "ఇన్ని బొమ్మల్లో ఒక్కదాంట్లోనూ మనిషి లేడేంటి? మీరంతా కారు ఫొటో దిగేటప్పుడు ఎలా ఉంటుందో గీస్తున్నారు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఎలా ఉంటుందో ఒక్కరూ గీయలేదు" అంది. మేం ఎవ్వరం మాట్లాడలేదు. నాకైతే మా అమ్మ గుర్తొచ్చింది.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇప్పుడు మా ఇంట్లో ఉన్న కారు, పేరెందుకులెండి, చూపులకు బాగుంటుంది. పైకప్పు వెనక్కి వెళ్లేకొద్దీ కిందికి జారుతుంది. అమ్మ ఎక్కాలంటే ముందు తల వంచాలి, తర్వాత నడుం తిప్పాలి, ఆఖరికి దభీమని పడాలి. దిగడం అంతకంటే కష్టం. ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకోవాలి. మొన్న పట్టుచీర కట్టుకుని పెళ్లికి బయల్దేరినప్పుడు కొప్పు పైకప్పుకు తగిలి పూలన్నీ సీట్లో రాలాయి. "మీ నాన్న బండిలో మహారాణిలా ఎక్కేదాన్నిరా" అంది. పోయినవాటి గురించి ఆవిడ ఎప్పుడూ గొప్పగానే చెబుతుంది కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఫిజియో మాట విన్నాక రాజమండ్రి వెళ్లి షెడ్డులో ఉన్న నాన్న బండికి టేపు పట్టాను. సీటు అంచు సరిగ్గా అమ్మ మోకాలి ఎత్తులో ఉంది. వంగక్కర్లేదు, పడక్కర్లేదు. వెనక్కి తిరిగి కూర్చుని కాళ్లు లోపలికి లాక్కోవడమే. అమ్మ చెప్పింది అక్షరాలా నిజం.

ఈ లేఖలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. పాత కారును తిరిగి తెస్తున్నామని మీరు అన్నప్పుడు మాకు కావాల్సింది దాని మొహం కాదు, అది మనిషిని కూర్చోబెట్టిన తీరు.

ఇదేమీ మనదేశపు సమస్య మాత్రమే కాదు. ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు 1997లో న్యూ బీటిల్ తెచ్చారు. పాత బీటిల్‌కు ఇంజను వెనక. కొత్తదానికి ముందు. లోపలి అమరిక మొత్తం తలకిందులైంది, పైన గుమ్మటం మాత్రం అలాగే ఉంచారు. దాంతో డ్రైవరు ముందు భోజనాల బల్లంత డాష్‌బోర్డు, వెనక కూర్చున్నవాడి తలకు మాత్రం చోటు లేదు. డాష్‌బోర్డు మీద ఒక చిన్న పూలకుండీ పెట్టారు, అది ముచ్చటగానే ఉండేది. 1959 నాటి మినీ చూడండి. అలెక్ ఇసిగోనిస్ పది అడుగుల పొడవులో నలుగురు మనుషుల్ని కుదించాడు. ఇంజను అడ్డంగా తిప్పి పెట్టడం దగ్గర్నుంచి చక్రాలను నాలుగు మూలలకూ తోసేయడం దాకా అంతా మనిషికి జాగా మిగల్చడం కోసమే. 2001లో వచ్చిన కొత్త మినీ దానికంటే చాలా పెద్దది, వెనక సీటు మాత్రం ఇరుకు. పాతదానికి ప్రాణం పొదుపు, కొత్తదానికి ప్రాణం ఆ గుండ్రటి లైట్లు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఫ్రాన్స్ వాళ్ల సిట్రోయెన్ 2సీవీ. దాని తయారీకి ముందు కంపెనీ పెద్ద బూలాంజే ఇచ్చిన ఆర్డరు ఏమిటంటే, ఇద్దరు రైతులను, 50 కిలోల బంగాళాదుంపలను మోయాలి. దున్నిన పొలంలోంచి పోతే బుట్టలో గుడ్లు పగలకూడదు. కారు అందంగా ఉండాలన్న మాట ఎక్కడా లేదు. ఆ కారు 1948లో బయటికొచ్చి 1990 దాకా తయారైంది. అందవికారంగా ఉందని మొదట నవ్వారు, తర్వాత దాన్నే ముద్దుచేశారు.

ఇది చదివాక మేం మా అంబాసిడర్‌కు కూడా ఒక ఆర్డరు రాసుకున్నాం. ఆత్రేయపురంలో కొన్న పూతరేకులు ఏటిగట్టు రోడ్డు మీదుగా రాజమండ్రి వచ్చేసరికి ఒక్కటీ విరగకూడదు. పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి దిగాలి. వెనక ముగ్గురు పెద్దవాళ్లు భుజాలు రాసుకోకుండా కూర్చోవాలి. డిక్కీలో రెండు బియ్యం బస్తాలు, ఒక గ్యాస్ సిలిండర్, మూడు సూట్‌కేసులు పట్టాలి. వెనక కూర్చున్న పిల్లవాడికి కిటికీలోంచి గోదారి కనపడాలి. అప్పుడు మళ్లీ పెన్సిల్ పట్టుకున్నాం.

బొమ్మ పూర్తిగా మారిపోయింది. ముందు మనిషిని గీశాం, మనిషి చుట్టూ సీటు, సీటు చుట్టూ తలుపు, ఆఖర్న రేకు. పైకప్పు దానంతటదే ఎత్తుగా, గుండ్రంగా వచ్చింది. డిక్కీ దానంతటదే ఉబ్బింది. మేం కావాలని పాత అంబాసిడర్‌ను కాపీ కొట్టలేదు. అదే ఆకారం మళ్లీ పుట్టుకొచ్చింది. మా నాన్న అయితే "అది మొదటినుంచీ అలా ఎందుకుందనుకున్నారు మరి" అని నవ్వుతాడు.

అయితే అక్కడే ఒక చిక్కొచ్చింది. పాత అంబాసిడర్ పొడవు సుమారు 4.3 మీటర్లు. మనదేశంలో నాలుగు మీటర్ల గీత దాటితే పన్ను మారిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న ఇంజను కార్లకు 18 శాతం జీఎస్టీ, దాటినవాటికి 40 శాతం. ఈ గీత కోసమే ఎన్నో సెడాన్ల డిక్కీలు కత్తిరించి, తోక తెగిన బల్లుల్లా చేశారు మీరు. మా గుంపులో ఒకాయన, వృత్తి రీత్యా ఆడిటరు, అంబాసిడర్‌ను కూడా నాలుగు మీటర్లకు కుదిద్దామన్నాడు. కుదిస్తే డిక్కీలో బియ్యం బస్తా పట్టదు. ఆ గొడవ మూడు ఆదివారాలు నడిచింది. చివరికి దారి ఆయనే చూపించాడు. కరెంటు కారుకు పొడవు ఎంతున్నా జీఎస్టీ 5 శాతమే. కాబట్టి మా అంబాసిడర్ బ్యాటరీతో నడుస్తుంది. పర్యావరణం మీద ప్రేమతో కాదు, నిజం చెప్పాలంటే డిక్కీ మీద ప్రేమతో.

బ్యాటరీ వల్ల ఇంకో మేలు కూడా ఉంది. వెనక చక్రాలకు పోయే షాఫ్టు ఉండదు కాబట్టి నేల మధ్యలో సొరంగంలాంటి ఉబ్బు ఉండదు, మధ్య మనిషి కాళ్లు చాపుకోవచ్చు. కానీ బ్యాటరీని నేల కింద పరుస్తారు కనుక నేల నాలుగైదు అంగుళాలు లేస్తుంది. నేలతోపాటు సీటునూ పైకప్పునూ లేపకపోతే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. చాలా కరెంటు కార్లలో వెనక సీట్లో ముడుచుకుని కూర్చోవాల్సి రావడానికి కారణం ఇదే. ఎత్తుగా నిలబడ్డ పాత అంబాసిడర్ ఆకారం ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. దాన్ని చదును చేసి స్పోర్ట్స్ కారులా గీసేవాళ్లు ఆ సదుపాయాన్నే పారేస్తున్నారు.

పాతదాంట్లో వదిలేయాల్సినవి చాలా ఉన్నాయి. మా అందరికీ ముందు బెంచీ సీటు మీద మోజు. స్టీరింగ్ పక్కన గేరు, ముందే ముగ్గురు కూర్చుని కబుర్లు. కానీ మధ్యలో కూర్చున్నవాడికి సరైన బెల్టు, ఎయిర్‌బ్యాగ్ ఎలా ఇవ్వాలో మాలో ఎవరికీ తోచలేదు. తోచనప్పుడు ఒప్పుకోవాలి. ముందు రెండే సీట్లు గీశాం. బానెట్ మీది నగిషీ కూడా తీసేశాం. కాలినడకన పోయేవాడికి కారు తగిలితే బానెట్ మెత్తగా ఒంగాలని ఇప్పుడు నిబంధనలున్నాయి, అక్కడ మొలలా పొడుచుకొచ్చే లోహం ఉండకూడదు.

"ఆ రోజుల్లో రేకు ఎంత గట్టిగా ఉండేదో" అనేవాళ్లు మా గుంపులోనూ ఉన్నారు. 2009లో అమెరికాలో భద్రతా పరీక్షలు చేసే ఐఐహెచ్ఎస్ సంస్థ 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ను, 2009 నాటి షెవర్లే మాలిబును ఎదురెదురుగా గుద్దించింది. పాత కారు మనిషి కూర్చునే గదితో సహా నుజ్జయింది. కొత్త కారు ముందు భాగం ఒంగి దెబ్బను మింగేసింది, లోపలి గది నిలబడింది. ఆ వీడియో చూశాక గట్టి రేకు కబుర్లు కొంచెం తగ్గాయి. పూర్తిగా పోలేదు, మా వాళ్లు అంత తేలిగ్గా మారరు.

ఇక ప్రీమియర్ పద్మిని. మాలో ముంబై పక్కన భివండీలో పెరిగినవాడొకడున్నాడు, వాళ్ల నాన్న మరమగ్గాల మీద పనిచేసేవాడు. ముంబైలో నలుపు పసుపు పద్మిని టాక్సీలు 2023 అక్టోబరు 30న రోడ్ల మీద నుంచి శాశ్వతంగా పోయాయి. ఆఖరిది 2003లో రిజిస్టరైన బండి, 20 ఏళ్ల గడువు తీరిపోయింది. ఆ రోజు మా వాడు టీ కూడా తాగలేదు. తర్వాత వారం బొమ్మ తెచ్చాడు. పద్మినిది నాలుగు మీటర్ల లోపు పొడవే, ఇంజను 1089 సీసీ. అంటే ఈనాటి చిన్న కారు లెక్కలోకి ఏ కత్తిరింపూ లేకుండా దూరిపోతుంది. వాడు దాని వెనక రెక్కలనూ చతురస్రపు జాలీనీ పట్టించుకోలేదు. పైకప్పు మీది క్యారేజీని ఒంట్లో భాగంగా గీశాడు. అల్లం బుట్టలు, బట్టల మూటలు, పరుపులు, ఊరికెళ్లే కుటుంబం మొత్తం సామాను ఆ క్యారేజీ మీదే కదా పోయింది! బయట బానెట్ పక్కన తిరిగే మీటరు ఉన్న చోట చిన్న తెర పెట్టాడు. అందులో ఎంత ఛార్జి అయిందో బయటినుంచే కనపడుతుంది. వినడానికి చాదస్తంలా ఉంది కానీ నాకు ఆ పుస్తకంలో అన్నిటికంటే నచ్చిన బొమ్మ అదే.

మారుతి 800 సంగతి వేరు. 1983 డిసెంబరులో వచ్చి 2014 జనవరిలో ఆగిపోయిన ఆ చిన్న డబ్బాలో మాకు కావాల్సింది దాని అద్దాలు. అద్దాల మధ్య కప్పును మోసే సన్నటి కమ్ములు, కిందిదాకా దిగిన కిటికీలు. డ్రైవింగ్ నేర్చుకునేవాడికి బండి నాలుగు మూలలూ కనిపించేవి. ఇప్పటి కార్లలో కమ్ములు లావెక్కాయి. బండి పల్టీ కొడితే కప్పు కూలకుండా ఆపాలి, కొన్నిట్లో వాటి మీదుగా ఎయిర్‌బ్యాగులు కూడా దాగుండాలి, కాబట్టి వాటిని సన్నం చేయమని అడగను. కానీ కిటికీ కింది అంచును ఎందుకు అంత పైకి లేపారు? అది కేవలం ఫ్యాషన్. బయటినుంచి చూస్తే బండి దిట్టంగా, కండలు తిరిగినట్టు ఉంటుందని. లోపల కూర్చున్న నా ఆరేళ్ల కూతురికి తలుపు ప్లాస్టిక్ తప్ప ఏమీ కనపడదు. శ్రీశైలం ఘాట్ రోడ్డులో మూడుసార్లు వాంతి చేసుకుంది. బయటికి చూస్తుంటే కడుపులో తిప్పడం తగ్గుతుందని బస్సు కండక్టర్లందరికీ తెలుసు.

టాటా నానో గురించి ఎక్కువ రాయను. దాంట్లో ముందు మార్చాల్సింది కారు కాదు, దాని మీద అతికించిన ధర చీటీ. లక్ష రూపాయల కారు అన్నాక దాన్ని కొని వీధిలో ఆపుకోవడానికి ఎవరికైనా మొహమాటమే. ఇంకొకటి, వెనక డిక్కీ తలుపు బయటినుంచి తెరుచుకోవడానికి 2015 మోడల్ దాకా ఆగాల్సొచ్చింది. సామాను పెట్టుకోవాలంటే సీటు మడవాలన్నది ఏ ఇల్లాలినైనా ముందే అడిగుంటే మొదటి రోజే దిద్దుకునేవాళ్లు. హిందూస్థాన్ మోటార్స్ కాంటెస్సా బొమ్మలు కూడా మా దగ్గర చాలా ఉన్నాయి. అన్నీ అమెరికా కండల కార్లలాగే వచ్చాయి. వాటిని మీకు చూపించను.

సియెరా మీద మాత్రం మా గుంపు రెండుగా చీలింది. పాతదానికి మూడే తలుపులు. వెనకవైపు పైకప్పులోకి ఒంపు తిరిగిన పెద్ద అద్దాలు, అవి తెరుచుకునేవి కావు. 2025లో వచ్చినదానికి ఐదు తలుపులు పెట్టి, ఆ పాత అద్దం గుర్తొచ్చేలా వెనక భాగాన్ని తీర్చారు. నలుగురు "ఇది సియెరా కాదు, మూడు తలుపులు పోయాక ఇంకేముంది" అన్నారు. నేను ఒప్పుకోను. పాత సియెరా వెనక సీట్లోకి ముందు సీటు వంచి దూరాలి, మా అమ్మ ఆ బండి ఎక్కేదే కాదు. వెనక సీటుకు తలుపులు పెట్టినవాళ్లు మనిషి గురించి ఆలోచించారు. అందుకు మీలో ఆ పని చేసినవాళ్లకు నా నమస్కారం. నాకున్న అసంతృప్తి ఇంకోటి. పాత సియెరా వెనక కూర్చుంటే నెత్తి మీదుగా కొండలు కనిపించేవి, ఆ అద్దాల అసలు అర్థం అది. కొత్తదాంట్లో ఆ ఆకారం బయట రోడ్డు మీద నిలబడ్డవాడికి గుర్తొస్తుంది. లోపల కూర్చున్నవాడికి ఆ కొండల్ని తిరిగి ఇవ్వలేకపోయారు. తలుపూ కావాలి, కొండా కావాలి అంటే అత్యాశే. కానీ అత్యాశ పడ్డానికే కదా మీకు జీతాలు, మాకు ఆదివారాలు.

మరమ్మతు సంగతి మీ డిజైన్ గదుల్లో ఎవరూ మాట్లాడరనుకుంటాను. నాన్న డిక్కీలో ఒక గోనెసంచి ఉండేది. అందులో నాలుగైదు పానాలు, ఒక ఫ్యాన్‌బెల్టు, ఇన్సులేషన్ టేపు, నీళ్ల క్యాను. బానెట్ ఎత్తితే ఇంజను చుట్టూ చెయ్యి పెట్టేంత జాగా ఉండేది. కమాన్‌కట్టలు మార్చాలన్నా, క్లచ్ ప్లేట్లు వేయాలన్నా ఏ ఊరి షెడ్డుకైనా తెలుసు. ఇప్పటి బండ్లు అలా ఉండవు, ఉండమని అడగడం లేదు. కానీ ఒక హెడ్‌లైటు బల్బు మార్చడానికి బంపరు మొత్తం విప్పాల్సి రావడం సాంకేతిక ప్రగతి అంటే నేను నమ్మను. మేం గీసిన ప్రతి బొమ్మ కింద ఒక వరస రాస్తాం, సొంతదారు తన చేత్తో మార్చుకోగలిగినవి ఏవి అని. బల్బులు, వైపర్లు, ఫ్యూజులు, ఏసీ ఫిల్టరు, స్టెప్నీ. స్టెప్నీకి బదులు పంక్చరు కిట్టు ఇచ్చే అలవాటు మీలో కొందరికి మొదలైంది. రాత్రి పదింటికి మారేడుమిల్లి ఘాట్‌లో టైరు చీలిపోతే ఆ సీసాలోని జిగురు ఏం చేస్తుందో మీరే ఒకసారి అక్కడికెళ్లి చూడండి.

ఇంతా రాసి ఏమీ అడగకపోతే బాగుండదు. ఏదైనా పాత పేరును మళ్లీ తేవాలనుకున్నప్పుడు, కారు నమూనాగా మట్టి బొమ్మ చేయడానికి ముందే, ఆ కారుతో బతికినవాళ్లను పదిమందిని పిలవండి. కలెక్షన్ కోసం కొని షెడ్డులో తుడిచి పెట్టుకునేవాళ్లను కాదు. టాక్సీ నడిపినవాళ్లను, దాన్ని విప్పి బిగించిన మెకానిక్కులను, వెనక సీట్లో ముప్పై ఏళ్లు కూర్చున్న ఆడవాళ్లను. మాలాంటి బొమ్మలరాయుళ్లను ఆఖర్న పిలిచినా పర్వాలేదు. ఇంకొకటి, తయారీ ఆగిపోయిన మోడళ్ల పాత డ్రాయింగులు మీ బీరువాల్లో ఎక్కడో ఉండే ఉంటాయి. వాటిని అందరూ చూసేలా బయట పెట్టండి. సీటు ఎత్తు ఎంతో తెలుసుకోవడానికి నేను షెడ్డులో టేపు పట్టుకుని పాకాల్సి వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు అవి దొరికితే మాకంటే మంచి బొమ్మలు గీస్తారు.

కొత్త కారు విడుదల రోజున మీరు స్టేజీ మీద ముసుగు తీస్తారు, లైట్లు వెలుగుతాయి, ముందు జాలీ కనిపిస్తుంది. ఈసారి ఎప్పుడైనా తలుపు తీసి చూపిస్తూ మొదలుపెట్టండి. ఒక పెద్దావిడ నడిచొచ్చి ఎక్కి కూర్చోవాలి. ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకపోతే మా ఏడుగురం లేచి చప్పట్లు కొడతాం, జాలీ ఎలా ఉన్నా సరే.

నాన్న బండి ఇప్పుడు నడవదు. రాజమండ్రిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది. మీలో ఎవరికైనా కొలతలు కావాలంటే టేపు తెచ్చుకుని రండి. షెడ్డు తాళం అమ్మ దగ్గరుంటుంది. ఎక్కి చూపించమంటే చూపిస్తుంది, కాకపోతే దిగాక గంటసేపు ఆ బండి కబుర్లు వినాల్సి ఉంటుంది.

ఇట్లు,
ఒక అంబాసిడర్ డ్రైవరు కొడుకు